బండ్లు తిరగని వీధి

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఫోటో సెక్యూరిటీ వాళ్లందరి ఫోన్లకూ ఒకేసారి వచ్చింది. బేస్‌మెంట్ పార్కింగ్‌లో అద్దం కర్రను ఒక కారు కిందికి తోసి చూస్తున్న పరమేశ్ జేబులో ఫోను రెండుసార్లు వణికింది. కారును లోపలికి పంపి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని తెరిచాడు.

పైనుంచి తీసిన ఫోటో. వాళ్లు కాపలా కాసే దుకాణాల వీధి ఉమంగ్ స్ట్రీట్ నడిమధ్యన, ఫౌంటెన్ పక్కన, చిలకపచ్చ చీరలో ఒక ఆడమనిషి నడుస్తోంది. ముఖం సగమే కనిపిస్తోంది, అదీ అలుక్కుపోయి ఉంది. ఎడమ అరచెయ్యి తుంటి మీద ఆనించి ఉంది. కుడి కాలు ముందుకు పడింది. ఎడమ మడమ నేలను రాసుకుంటూ వెనకే ఉండిపోయింది.

పరమేశ్‌కు ముఖం చూడాల్సిన పని లేకపోయింది. ఆ నడక నాలుగు నెలలుగా అతని ఇంట్లోనే ఉంది.

వెనక నుంచి ఇంకో కారు హారన్ కొట్టింది. అద్దం కర్ర ఎటు పట్టుకున్నాడో తెలియకుండానే కిందికి తోశాడు. అద్దంలో కారు అడుగు భాగానికి బదులు తన బూట్లే కనిపించాయి.

పదింటికి సూపర్‌వైజర్ హితేశ్ భాయ్ అందరినీ కెమెరాల గదికి పిలిచాడు. నలభై దాటిన మనిషి, గొంతు ఎప్పుడూ పెంచడు. వారంలో మూడు ఫోన్లు పోయాయని చెప్పాడు. మూడూ పొద్దునపూట, తినే దుకాణాల ముందు వేసిన బల్లల మీది నుంచే. తర్వాత పెద్ద తెర మీద వీడియో నడిపించాడు. పచ్చ చీర మనిషి సినిమా హాళ్ల వైపు నుంచి పిల్లల ఆటల వైపు పోయింది. అక్కడ గొలుసు దగ్గర తిరిగి మళ్లీ ఇటు వచ్చింది. మళ్లీ అటు పోయింది.

"చూడండి. కొనదు, తినదు, కూర్చోదు, ఎవరినీ కలవదు," అన్నాడు హితేశ్ భాయ్ హిందీలో. "ఊరికే తిరుగుతుంది. ఇక్కడికి ఊరికే తిరగడానికి ఎవరొస్తారు?"

గార్డులు నవ్వారు. పరమేశ్ కూడా పెదాలు కదిపాడు.

"కనబడితే అరవొద్దు. మెల్లగా కిందికి తీసుకురండి. ఇంకో మాట. లోపలి మనిషి సాయం లేకుండా ఈ పని జరగదు. ఆ మనిషి ఎవరో కూడా నాకు కావాలి." అని ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ పోయాడు. పరమేశ్ దగ్గర ఆ చూపు మిగతా వాళ్ల దగ్గర ఆగినంతే ఆగింది.

పక్కన సోమలింగం మెడ గోక్కుంటూ తెర వైపే చూస్తున్నాడు. ఇద్దరిదీ తెలుగువాళ్లుండే లింబాయత్ బస్తీలో ఒకే గల్లీ. మగ్గాల కార్ఖానా మూతపడ్డప్పుడు పరమేశ్‌ను ఇక్కడ పనిలో పెట్టించింది అతనే.

"ఏందన్నా, గట్ల చెమటలు కారుతున్నయ్?"

"గాలి లేదు గదా ఈడ."

ఏసీ అతని తల మీదే వీస్తోంది.

సాయంత్రం ఆరున్నరకు ఇల్లు చేరేసరికి సుభాషిణి గోడకు ఆనుకుని చీరల కుప్ప ముందు కూర్చుని ఉంది. మిల్లు నుంచి వచ్చిన చీరలను తిరగేసి, వెనక వేలాడే దారాలను చిన్న కత్తెరతో కత్తిరించడం ఆమె పని. తెగిన దారాలు ఒళ్లో రంగురంగుల నురగలా పేరుకున్నాయి.

వానాకాలంలో చీరల మూటలు మోసే టెంపో ఒకటి వెనక నుంచి తగిలి పడిపోయిన రోజు నుంచి ఆమె గడప దాటడం మానేసింది. గల్లీ చివరి కిరాణా కొట్టుకు కూడా పోదు. తలుపు దగ్గర నిలబడ్డప్పుడు మోటార్ సైకిల్ చప్పుడు వినబడితే చౌకట్టును పట్టుకుంటుంది. పరమేశ్‌కు తెలిసిన సుభాషిణి అదే. ఆ సుభాషిణి సిటీ బస్సెక్కి, ఊరికి ఆ చివరన ఉన్న ఉమంగ్ స్ట్రీట్ దాకా ఎట్లా వచ్చింది? ఎవరితో వచ్చింది? ఎందుకొచ్చింది?

వెనక దండెం మీద చిలకపచ్చ చీర ఆరేసి ఉంది. ముట్టి చూశాడు. అంచు ఇంకా తడిగానే ఉంది.

"ఇయ్యాల ఏం జేసినవ్?"

"ఏం జేస్త. ఇగో, చీరలే." ఆమె తలెత్తలేదు.

ఆమె నీళ్ల బిందె పట్టుకుని నల్లా దగ్గరికి పోయాక పరమేశ్ తలుపు దగ్గరగా వేశాడు. ఇనుప పెట్టె తెరిచి బట్టల కింద చెయ్యి పెట్టి వెతికాడు. పరుపు ఎత్తి చూశాడు. బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి దించాడు. వేళ్లకు ఏదైనా గట్టిగా తగిలితే ఏం చేస్తాడో అతనికే తెలియదు. ఏమీ తగల్లేదు. చెయ్యి పైకి తీస్తుంటే ఏడుపు వచ్చినంత పనయింది. అప్పుడే పప్పుల డబ్బాలున్న అరలో, పరిచిన కాగితం కింద ఉబ్బెత్తుగా ఏదో కనిపించింది. లేపి చూశాడు. నాలుగు మడతలు పెట్టిన బస్సు టికెట్లు. పదకొండు.

ఉన్నవి ఉన్నట్టే కాగితం కప్పేశాడు.

సుభాషిణి బిందె దించి అతని వైపు చూసింది. "బియ్యం డబ్బల చెయ్యెందుకు వెట్టినవ్?"

చొక్కా చేతికి గింజలు అంటుకుని ఉన్నాయి. "పురుగు వట్టినయేమో అని చూసిన."

ఆమె కత్తెర తీసుకుని మళ్లీ కూర్చుంది.

"ఆ పచ్చ చీర ఇంక కట్టకు," అన్నాడు.

"ఎందుకు?"

"రంగు పోయింది."

ఆమె దండెం వైపు చూసింది. కత్తెర ఆగిపోయింది. రంగు పోలేదని ఇద్దరికీ కనబడుతూనే ఉంది. ఆ తర్వాత అన్నం తిని గిన్నెలు కడిగే దాకా వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిరిగారు.

బుధవారం పదకొండింటికి వాకీటాకీలో సోమలింగం గొంతు వినబడింది. లోచో అనే టిఫిను అమ్మే దుకాణం వెనక పచ్చ చీర మనిషి దొరికిందని, కిందికి తీసుకొస్తున్నానని చెబుతున్నాడు. పరమేశ్ చేతిలోని పార్కింగ్ చీటీల కట్ట జారిపోయింది. వంగి ఏరుకుంటున్నాడు గానీ ఒక్కటీ చేతికి దొరకడం లేదు. పొద్దున తాను బయల్దేరేటప్పుడు ఆమె ఏ చీర కట్టుకుందో గుర్తుచేసుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. సోమలింగం వెనక వస్తున్నది సుభాషిణి కాదు.

ఆమెకు యాభై ఏళ్లుంటాయి. మోకాళ్ల దాకా తడిసిన పాత ఆకుపచ్చ చీర. చేతులకు ఇంకా సబ్బు నురగ ఉంది. పరమేశ్ గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ ఊపిరికి అప్పుడే అతనికి సిగ్గేసింది, కానీ సిగ్గు కన్నా ముందు వచ్చింది ఊపిరే.

హితేశ్ భాయ్ అతన్ని స్టోర్ రూము తలుపు దగ్గర నిలబెట్టాడు. పేరూ అడ్రసూ రిజిస్టర్‌లో రాయమన్నాడు. గంగవ్వ, నవాగామ్, నూలు గోదాము మీది గది. ఆమె చెప్పింది చెప్పినట్టే పరమేశ్ రాశాడు.

"తమ్మీ, నువ్వు ఈ తమ్మితోని తెలుగుల మాట్లాడంగ విన్న. మాది కోరుట్ల దిక్కు," అందామె రహస్యం చెప్పినట్టు. "నేను లోచో దుకాణంల గిన్నెలు తోముత. రెండేండ్లాయె. నన్నెందుకు తెచ్చిన్రో జర సార్‌ను అడుగు."

"ముఝే నహీ మాలూమ్," అన్నాడు పరమేశ్. నాకు తెలియదు అని.

తెలుగులో అడిగినదానికి తన నోటి నుంచి హిందీ ఎట్లా వచ్చిందో అతనికే తెలియలేదు. గంగవ్వ అతని ముఖంలోకి ఒకసారి చూసి నోరు మూసుకుంది.

లేడీ గార్డు వచ్చి ఆమె సంచీ కుమ్మరించింది. సద్ది డబ్బా, తమలపాకులు, ఒక పాత బటన్ల ఫోను. హితేశ్ భాయ్ తన ఫోనులో వీడియో తెరిచి పట్టుకుని, "నడువు," అన్నాడు. "ఈ గోడ నుంచి ఆ గోడ దాకా."

గంగవ్వకు అర్థం కాలేదు. లేడీ గార్డు భుజం పట్టి ముందుకు తోసింది. ఆమె నడిచింది. అంతమంది చూస్తుండగా నడవడం ఎట్లాగో మర్చిపోయినట్టు కాళ్లు తడబడ్డాయి. తడి చెప్పు జారి పక్కకు ఒరిగింది. పడిపోకుండా నడుము మీద చెయ్యి వేసుకుంది.

"చూశారా, చెయ్యి," అన్నాడు హితేశ్ భాయ్. "మళ్లీ నడువు."

ఆరుసార్లు నడిపించారు. నడిచిన కొద్దీ ఆమె కాలు ఇంకా ఈడ్చుకుపోయింది. ఈమె కాదు అనే మాట పరమేశ్ గొంతులో తయారుగా ఉంది. ఆ మాట అంటే, మరి ఎవరు అనే మాట వస్తుంది. అతను తలుపు గొళ్లేన్ని చూస్తూ నిలబడ్డాడు.

ఫోను దొరకలేదు కాబట్టి పోలీసులను పిలవలేదు. గోడ దగ్గర నిలబెట్టి ఫోటో తీసి, దాని ప్రింటు గేటు క్యాబిన్‌లో అంటించారు. లోచో దుకాణం యజమానికి ఫోను చేసి ఈమెను రేపటి నుంచి రానివ్వొద్దన్నారు. మూడింటికి వదిలేశారు. గంగవ్వ సద్ది డబ్బా తీసుకుని, తెరవని అన్నంతోనే మెట్లెక్కి వెళ్లిపోయింది.

గురువారం పరమేశ్‌కు వారపు సెలవు. సెలవన్న సంగతి ఇంట్లో చెప్పలేదు. డ్యూటీ బట్టలు సంచీలో పెట్టుకుని రోజూ బయల్దేరే వేళకే బయల్దేరాడు. గల్లీ మొదట్లో చాయ్ బండి వెనక నిలబడ్డాడు.

తొమ్మిదిన్నరకు సుభాషిణి వచ్చింది. బూడిద రంగు చీర కట్టుకుంది. గోడలను తడుముకుంటూ, మోటార్ సైకిల్ వచ్చినప్పుడల్లా ఎవరిదో ఒకరి మెట్టెక్కి ఆగుతూ బస్‌స్టాపు చేరింది. ఆమె ముందు తలుపులో ఎక్కితే పరమేశ్ వెనక తలుపులో ఎక్కాడు. చేతిసంచీని ఛాతీకి అదుముకుని కూర్చున్న ఆమె తలను జనం మధ్య నుంచి చూస్తూ, ఎవరైనా వచ్చి పక్కన కూర్చుంటారా, ఏదైనా చేతికి ఇస్తారా అని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు.

బస్సు దిగాక ఉమంగ్ స్ట్రీట్‌కు ఒక రోడ్డు దాటాలి. ఆమె అంచున నిలబడింది. కార్లు పోతూనే ఉన్నాయి. ఒక అడుగు వేసి వెనక్కి తీసుకుంది. మళ్లీ వేసింది, మళ్లీ తీసుకుంది. కరెంటు స్తంభాన్ని పట్టుకున్న ఆమె వేళ్లు ఇంత దూరం నుంచి కూడా తెల్లగా కనబడ్డాయి. ఇరవై నిమిషాలు అట్లాగే నిలబడింది. పరమేశ్ వెళ్లి చెయ్యి పట్టుకుని దాటించాలని రెండుసార్లు కదిలాడు, రెండుసార్లూ ఆగాడు. చివరికి కాలేజీ పిల్లలు గుంపుగా దాటుతుంటే ఆమె వాళ్ల మధ్యలో దూరి, కళ్లు మూసుకున్నంత పని చేసి దాటేసింది.

బండ్లు రాకుండా కట్టిన గొలుసు దాటి లోపలి రాతి పలకల మీద అడుగు పెట్టగానే ఆమె మారిపోయింది. భుజాలు దిగాయి. సంచీని భుజానికి తగిలించుకుంది. ఎడమ చెయ్యి తుంటి మీద ఆనించి, వీధి నడిమధ్యన, తల ఎత్తుకుని నడవడం మొదలుపెట్టింది. చీరల షోరూముల వైపు చూడలేదు. కాఫీ దుకాణాల ముందు బల్లల మీద మెరుస్తున్న ఫోన్ల వైపు చూడలేదు. పిల్లల ఆటల దాకా పోయి, అక్కడి గొలుసును ముట్టుకుని, చుట్ల లెక్కకు ఒక వేలు మడిచింది. వెనక్కి తిరిగింది. ఒక్కసారి కూడా వెనక ఏమొస్తోందో చూసుకోలేదు.

వెనకే లోపలికి వచ్చిన పరమేశ్ ఒక స్తంభానికి ఆనుకున్నాడు.

"నువ్వెందుకొచ్చినవన్నా ఈడికి?"

సోమలింగం. యూనిఫామ్‌లో, చేతిలో వాకీటాకీతో, ఆయాసపడుతున్నాడు. "ఇంకో ఫోన్ పోయింది ఇందాక. పావు గంట కూడ కాలే. హితేశ్ భాయ్ కెమెరాల ముందు కూసున్నడు. వదినను వెనక గేటు కెల్లి తీస్కపో. జల్దీ."

పావు గంట కింద సుభాషిణి రోడ్డు అంచున స్తంభం పట్టుకుని ఉంది. పరమేశ్ తన కళ్లతో చూశాడు. అప్పుడు సోమలింగం అన్న మాటలో ఇంకొకటి అతనికి తట్టింది.

"వదిన అని నీకెట్ల తెలుసు?"

"ఫోటో వచ్చిన్నాడే తెల్సింది. రోజు గల్లీల చూస్తలేనా ఆమె నడక? నువ్వు చెప్పలే, నేను అడగలే."

"మరి ఆ గంగవ్వ?"

సోమలింగం నేల చూశాడు. "పచ్చ చీర, వయసు గూడ జర అటిటే. ఎవరో ఒకరు దొరికితె ఈ లొల్లి బందైతదనుకున్న. నీ కోసమే చేసినన్నా. ఇగ పో, తీస్కపో."

సుభాషిణి అటు చివర నుంచి తిరిగి వస్తోంది. ఎదురుగా భర్తను చూసి ఆగిపోయింది. మడిచిన వేలు మడిచినట్టే ఉంది.

"నేనేం జెయ్యలే," అంది వెంటనే. "ఊకె నడుస్తున్న."

"తెలుసు. నడువు, బయటికి పోదాం."

వెనక గేటు అవతల, సామాన్ల లారీలు ఆగే చోట గోడ నీడలో ఆమె మొత్తం చెప్పింది. గబగబా, అతని చొక్కా గుండీని చూస్తూ. "డాక్టరు రోజు గంటసేపు సాపుగ ఉన్న జాగల నడవమన్నడు. లేకుంటె కాలు గిట్లనే గట్టివడ్తదట. మన గల్లీల యాడ నడవాలె? దబ్బున ఏదో ఒకటి వెనక నుంచి వస్తది. ఈడ బండ్లు రావని నువ్వే గదా చెప్పినవు. నువ్వు కింద ఉంటవు, నీకు కనబడననుకున్న. పెద్దోళ్లు తిరిగే జాగ, మనసొంటోళ్లు రావద్దంటవని చెప్పలే."

ఒకప్పుడు అట్లా అన్నది నిజమే. పరమేశ్ ఫోను తీసి ఫోటో చూపించాడు. తర్వాత గంగవ్వ సంగతి చెప్పాడు. ఆరుసార్లు నడిపించింది చెప్పాడు. తాను హిందీలో జవాబిచ్చింది కూడా చెప్పాడు. సుభాషిణి చాలాసేపు ఫోటోనే చూసింది.

"ఆమె ఇల్లు తెలుసా నీకు?"

"తెలుసు. నేనే రాసిన."

"నడువు మరి."

"ఇప్పుడు పోతె మొత్తం బయట వడ్తది. పని పోతది. నిన్ను వట్టుకుంటరు. నేను లోపలి మనిషినంటరు."

"నాకు మస్తు భయమైతున్నది," అంది సుభాషిణి. "అయినా నడువు."

నవాగామ్‌లో నూలు గోదాము పక్కన ఇనుప మెట్లు. సుభాషిణి ఒక్కో మెట్టూ కూర్చుని లేచినట్టు ఎక్కింది. పరమేశ్ తలుపు తట్టాడు. గంగవ్వ తలుపు తీసి, అతన్ని చూడగానే సగం మూసేసింది. ఆ సందులో ఆమె ఒక కన్నే కనబడింది.

"నా దగ్గర ఏం లేదు. నిన్న మొత్తం చూసిన్రు గదా," అంది. "నేను మల్ల అటు దిక్కు రాలేదు. ఒట్టు."

తనను చూసి ఒక మనిషి అట్లా భయపడటం పరమేశ్ ఎన్నడూ చూడలేదు. సుభాషిణే ముందుకు జరిగింది.

"అక్కా, వాళ్లు వెతికేది నన్ను. ఫోటోల ఉన్నది నేనే. నేను గూడ ఏం తియ్యలే. నా కాలు బాగలేక ఆడ నడుస్త, గంతే. ఈయన నా పెనిమిటి. నిన్న తెల్సి గూడ నోరు మూసుకున్నడు."

తలుపు కాసేపు అట్లాగే ఉంది. తర్వాత పూర్తిగా తెరుచుకుంది. గంగవ్వ సుభాషిణి కాలు చూసింది, తుంటి మీది చెయ్యి చూసింది. నిన్న తనను దేనికి నడిపించారో అప్పుడు అర్థమైనట్టుంది. ఆమె ముఖం గట్టిపడింది.

"అక్కా, తప్పయింది," అన్నాడు పరమేశ్.

"నాకు చెప్తె ఏమొస్తది? మీ సార్‌కు చెప్పు."

"రేపు డ్యూటీకి పోయి..."

"రేపు కాదు. ఇప్పుడు చెయ్యి ఫోను. నా ముందట. నాకు వినవడాలె."

పరమేశ్ ఫోను తీశాడు. హితేశ్ భాయ్ పేరు మీద వేలు పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. చెమటకు తెర పని చేయలేదు. సుభాషిణి కొంగుతో తెర తుడిచి ఇచ్చింది. స్పీకర్లో రింగు మోగింది. ఎత్తకపోతే బాగుండునని అతను చివరి దాకా కోరుకున్నాడు.

"బోలో పరమేశ్."

"సాబ్. ఫోటోలో ఉన్న ఆడమనిషి నా భార్య," అన్నాడు హిందీలో. "సుభాషిణి. కాలు బాగా కావాలని నడవడానికి వస్తోంది. ఇవాళ ఫోన్ పోయినప్పుడు ఆమె బయట రోడ్డు మీద ఉంది. గేటు బయటి కెమెరాలో చూడండి. గంగవ్వకు ఈ సంగతితో సంబంధం లేదు. నిన్న నాకు ఇది తెలుసు."

అవతల కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినబడింది.

"నీ భార్యా?" అన్నాడు హితేశ్ భాయ్ మెల్లగా. "రెండు రోజులు నా ముందే నిలబడ్డావు. రేపు వచ్చి యూనిఫామ్ ఇచ్చేసి పో. కెమెరాలో నువ్వు చెప్పినట్టు లేకపోతే అప్పుడు వేరే మాట మాట్లాడుకుందాం."

గంగవ్వ చెయ్యి చాపి పరమేశ్ చేతిలోంచి ఫోను తీసుకుంది. రేపు పనికొస్తాననీ, గేటు దగ్గరి తన ఫోటో తీసెయ్యమనీ వచ్చీరాని హిందీలో, ఒక్కో మాటా తూచినట్టు చెప్పింది. "సాబ్, మై గంగవ్వ. కల్ మై కామ్ పే ఆతీ. గేట్ పే మేరా ఫోటో హై. వో నికాలో."

"దేఖ్‌తే హై," అన్నాడు అతను. చూద్దాం అని.

"దేఖ్‌నా నహీ సాబ్. నికాలో."

ఫోను కట్టయింది. గంగవ్వ దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడింది. నిన్నటి నుంచి కడగని సద్ది డబ్బా గోడ పక్కన ఉంది. ఆమె సుభాషిణికి పీట జరిపి, కూర్చోమని సైగ చేసింది. ఫోను పరమేశ్‌కు తిరిగిచ్చింది.

"రేపు ఏడున్నరకు నేను గేటు కాడికొస్త. నువ్వు ఆడ ఉండాలె. దుకాణం దాంక నాతోని రావాలె."

"నన్నే లోపటికి రానియ్యరేమో అక్కా."

"అయితే గేటు కాడనే నిలవడు. నేను లోపటికి పోయే దాంక చూస్కుంట నిలవడు." ఆమె ఆగింది. సబ్బు నీళ్లకు పగిలిన వేళ్లను చీరకు తుడుచుకుంది. "పోతనన్న గని, ఒక్కదాన్నే ఆ గేటు దాటాలంటె నాకు భయమైతున్నది తమ్మీ."

"నాగ్గూడ అయితున్నదక్కా," అన్నాడు పరమేశ్. "ఏడింటికే వచ్చి ఉంట."